అటెన్‌బరో: ఒక అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు, అది పుట్టిన నేల

అటెన్‌బరో అనగానే మన దేశంలో ఎక్కువమందికి ఇద్దరు అన్నదమ్ములు గుర్తుకొస్తారు. ఒకరు 1982లో విడుదలైన ‘గాంధీ’ చిత్ర దర్శకుడు రిచర్డ్. మరొకరు అడవులనూ సముద్రాలనూ టెలివిజన్ ద్వారా ఇంటింటికీ చేర్చిన డేవిడ్. వాళ్ళ ఖ్యాతిని బట్టి ఇంగ్లండ్‌లో ఈ ఇంటిపేరు గలవారు ఊరూరా ఉంటారని అనిపించవచ్చు. వాస్తవం వేరు. స్మిత్ అనే ఇంటిపేరు బ్రిటన్‌లో ఐదు లక్షలమందికి పైగా ఉంది. అటెన్‌బరో దానికి పూర్తిగా భిన్నమైనది. ఇంగ్లండ్ నడిబొడ్డున, నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున కొద్ది మైళ్ళ మేరలో పుట్టి, శతాబ్దాల పాటు ఆ చుట్టుపక్కలే మసలిన ఒక చిన్న సమూహం పేరు అది. అరుదైన ఇంగ్లీషు ఇంటిపేర్లు ఎలా పుడతాయో, ఎందుకు అరుదుగానే మిగిలిపోతాయో, వాటి మూలాన్ని ఎలా తేల్చాలో చెప్పడానికి ఇది చాలా మంచి ఉదాహరణ. ఎందుకంటే ఈ పేరు విషయంలో నిఘంటువును ఒక్కదాన్నే నమ్ముకుంటే రెండు దారుల మధ్య నిలబడిపోతాం. ఏ దారి సరైనదో మ్యాపు చూస్తేనే తెలుస్తుంది.

అటెన్‌బరో అనే ఊరు నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీలో, బీస్టన్ పట్టణం పక్కన, ట్రెంట్ నది ఒడ్డున ఉంది. ఎరివాష్ అనే చిన్న నది వచ్చి ట్రెంట్‌లో కలిసేది ఆ సమీపంలోనే. ఎరివాష్‌కు తూర్పున నాటింగ్‌హామ్‌షైర్, పడమట డార్బీషైర్. ట్రెంట్ దాటి కొంత దక్షిణానికి వెళ్తే లెస్టర్‌షైర్ వస్తుంది. అంటే ఇది మూడు కౌంటీలు కలిసే మూల. ఊళ్ళో సెయింట్ మేరీ చర్చి పాతది. పొరుగున ఉన్న చిల్‌వెల్, టోటన్ గ్రామాలు కూడా పూర్వం ఆ చర్చి పారిష్ కిందికే, అంటే దాని పరిధిలోకే వచ్చేవి. 20వ శతాబ్దంలో నది పక్కన కంకర కోసం తవ్విన గోతులు నీళ్ళతో నిండి పక్షులకు నెలవయ్యాయి. ఆ ప్రదేశం ప్రకృతి సంరక్షణ కేంద్రమైనప్పుడు, 1966లో, దాన్ని ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరోనే. ఊరి పేరు, మనిషి పేరు ఒకటి కావడం కాకతాళీయం కాదన్నది ఈ వ్యాసం చెప్పబోయే విషయం. అయితే ఆ మాటకు ఆధారాలు కావాలి. రెండు పేర్లు ఒకేలా వినిపించినంత మాత్రాన ఒకదాని నుంచి మరొకటి వచ్చిందని తేల్చేయకూడదు.

ముందు ఊరి పేరు సంగతి. 12వ శతాబ్దపు పత్రాలలో ఈ ఊరు ‘ఆడిన్‌బుర్ఖా’ వంటి రూపంలో కనిపిస్తుంది. ప్రాచీన ఆంగ్లంలో ‘బుర్హ్’ అంటే కోట గోడో, కట్టుదిట్టమైన కంచో ఉన్న నివాసం. ముందు భాగం ‘ఆడ్డా’ లేదా దానికి దగ్గరి రూపంలో ఉన్న ఒక మనిషి పేరు. అంటే ఎవరో ఒక ఆడ్డా మనుషుల కోట. నార్మన్లు 1066లో ఇంగ్లండ్‌ను జయించడానికి ముందు కాలపు పేరిది.

ఇంటిపేరుకు మాత్రం మరో వివరణ కూడా చెప్పవచ్చు. మధ్యయుగపు ఆంగ్లంలో ‘అట్టెన్’ అంటే ‘ఫలానా దాని దగ్గర’. చెట్టు పక్కన ఉండేవాడు, వాగు ఒడ్డున ఉండేవాడు అన్నట్టు మనుషులను గుర్తించే రోజుల్లో ఈ మాట పేర్లలో విరివిగా చేరింది. భారత స్వాతంత్ర్య సమయంలో బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉన్న అట్లీ ఇంటిపేరు అలాంటిదే: పచ్చిక మైదానం దగ్గర ఉండేవాడు. అట్‌వుడ్ అంటే అడవి దగ్గరివాడు. కొన్ని పేర్లలో ‘అట్టెన్’ తెగిపోయి దాని చివరి నకారం మాత్రం తర్వాతి మాటకు అంటుకుంది. ‘ఆష్’ చెట్టు దగ్గరివాడు నాష్ అయ్యాడు. ఓక్ చెట్ల దగ్గరివాడు నోక్స్ అయ్యాడు. ఈ పద్ధతిలో చూస్తే అటెన్‌బరో అంటే ‘కోట దగ్గర ఉండేవాడు’ అని కూడా అర్థం చెప్పవచ్చు. అటర్‌బరీ అనే ఇంటిపేరుకు ఇలాంటి వివరణే ఉంది.

భాష పరంగా రెండు వివరణలూ నిలుస్తాయి. కానీ రెండింటి పర్యవసానాలు ఒకటి కావు. ‘కోట దగ్గర ఉండేవాడు’ అన్న పేరైతే అది దేశంలో పలుచోట్ల, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టి ఉండాలి. ఇంగ్లండ్‌లో కోటలకూ గోడలున్న పట్టణాలకూ కొదవ లేదు కదా. ఊరి నుంచి వచ్చిన పేరైతే దాని జాడ ఆ ఊరి చుట్టూ గుమిగూడి ఉండాలి. భౌగోళిక వ్యాప్తి ఇక్కడే అక్కరకొస్తుంది. భాషాశాస్త్రం రెండు అవకాశాలను చూపించి ఆగిపోయిన చోట అది ఒకదాన్ని తోసిపుచ్చగలదు.

ఊరి నుంచి వచ్చిన ఇంటిపేర్లకు ఒక నియమం ఉంది. ఊళ్ళో ఉన్నంత కాలం అందరూ ఆ ఊరివాళ్ళే కాబట్టి ఊరి పేరుతో ఒకరిని గుర్తించడంలో అర్థం లేదు. ఊరు వదిలి పక్క ఊరికి వెళ్ళినవాడికే ఆ పేరు అతుక్కుంటుంది. గురజాడ, కందుకూరి, నందమూరి వంటి ఇంటిపేర్లు ఎరిగిన తెలుగువారికి ఈ తర్కం కొత్తది కాదు. అందువల్ల ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇంటిపేరు మూలాన్ని వెతికేటప్పుడు ఆ ఊళ్ళోనే ఆ పేరువాళ్ళు ఉండాలని ఆశించకూడదు. ఊరి చుట్టూ ఐదు, పది, ఇరవై మైళ్ళ వలయంలో వెతకాలి. అటెన్‌బరో గ్రామంలో పుట్టిన చారిత్రక వ్యక్తులలో ముఖ్యుడు హెన్రీ ఐర్టన్. 1611లో సెయింట్ మేరీ చర్చిలో అతనికి బాప్తిస్మం జరిగింది. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన సేనాని అయ్యాడు. అదే పక్షపు నాయకుడు ఆలివర్ క్రామ్‌వెల్ కూతురు బ్రిజెట్‌ను పెళ్ళాడాడు. ఆయన ఇంటిపేరు పొరుగున ఉన్న డార్బీషైర్‌లోని ఐర్టన్ అనే ఊరిది. క్రామ్‌వెల్ అన్నది కూడా అదే ట్రెంట్ నది పక్కన, నాటింగ్‌హామ్‌షైర్‌లోనే మరికొంత దిగువన ఉన్న ఒక ఊరి పేరు. ఊళ్ళ పేర్లు మనుషుల వెంట నడిచి వేరే ఊళ్ళలో స్థిరపడడం అక్కడ ఎంత మామూలో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి స్థిరంగా అందడం ఇంగ్లండ్‌లో నార్మన్ ప్రభువులతో మొదలైంది. భూమి మీద హక్కు వంశపారంపర్యం కావడంతో దాన్ని నిలబెట్టే పేరూ వంశపారంపర్యమైంది. అక్కడి నుంచి ధనిక రైతులకు, పట్టణ వర్తకులకు, చివరికి సామాన్యులకు పాకడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది. దక్షిణాన, మధ్య ప్రాంతాలలో 1350 నాటికి చాలామందికి స్థిరమైన ఇంటిపేర్లున్నాయి. ఉత్తరాన మరో వందేళ్ళ ఆలస్యం. 1377, 1379, 1381 సంవత్సరాలలో వసూలు చేసిన తలపన్ను జాబితాలు ఈ మార్పు మధ్యలో తీసిన లెక్కలు. వాటిలో కొందరికి తండ్రి ఇంటిపేరే ఉంటుంది. కొందరికి వృత్తి పేరు ఉంటుంది. ఒకే మనిషి రెండు చోట్ల రెండు పేర్లతో కనిపించడమూ ఉంది.

సరిగ్గా పేర్లు కుదురుకుంటున్న కాలంలోనే మహమ్మారి వచ్చింది. 1348, 1349లలో ప్లేగు ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టింది. అప్పుడే పుట్టిన ఇంటిపేర్లు ఎన్నో ఒక్క తరంలో అంతరించాయి. ఒక ఊరి పేరుతో నాలుగు కుటుంబాలు వేర్వేరు చోట్ల స్థిరపడి ఉంటే, ప్లేగు తర్వాత ఒకటి మిగిలిన సందర్భాలు తప్పకుండా ఉంటాయి. అరుదైన పేర్ల చరిత్రలో ఈ మలుపుకు దక్కాల్సిన ప్రాధాన్యం దక్కడం లేదు. ఒక పేరు ఎక్కడెక్కడ పుట్టిందన్నది సగం కథ మాత్రమే. ఎక్కడ బతికి బట్టకట్టిందన్నదే ఈనాటి మ్యాపును గీసింది.

మహమ్మారి లేకపోయినా పేర్లు అంతరిస్తూనే ఉంటాయి. 19వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నను గణిత సమస్యగా అడిగాడు. హెన్రీ విలియం వాట్సన్ దానికి లెక్క కట్టాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించిన ఆ లెక్క ఇప్పటికీ గాల్టన్, వాట్సన్ల పేరుతోనే పాఠ్యపుస్తకాలలో ఉంది. సారాంశం ఇలా ఉంటుంది. జనాభా పెరగకుండా, తగ్గకుండా ఉన్న సమాజంలో ఒక్కొక్క మగవాడికి పెరిగి పెళ్ళి చేసుకునే కొడుకులు సగటున ఒక్కరు. కానీ సగటు ఒకటి అయినంత మాత్రాన అందరికీ ఒక్కొక్కరు ఉండరు. కొందరికి ముగ్గురు, కొందరికి ఇద్దరు, చాలామందికి ఎవరూ ఉండరు. ఈ హెచ్చుతగ్గులు పూర్తిగా యాదృచ్ఛికమనుకుని లెక్క వేస్తే, ఒక్క మనిషితో మొదలైన ఇంటిపేరు మొదటి తరంలోనే అంతరించే అవకాశం సుమారు 37 శాతం. ఐదు తరాలు గడిచేసరికి అది 73 శాతానికి, పది తరాలకు 84 శాతానికి చేరుతుంది. వంద పేర్లు మొదలైతే పది తరాల తర్వాత మిగిలేవి పదహారు. ఆ పదహారులో ఒక్కొక్కదానికి సగటున ఆరుగురు మగవాళ్ళు ఉంటారు. బలం, ఐశ్వర్యం, గుణం ఏవీ ఈ లెక్కలో లేవు. ఒక అరుదైన పేరు ఇవాళ బతికి ఉందంటే మొదటి కొన్ని తరాలలో దానికి కొడుకులు కలిసొచ్చారని అర్థం.

ఆ ప్రమాదకరమైన శతాబ్దాలు దాటిన పేర్లకు తర్వాత మంచి కాలం వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్ జనాభా 1801 జనగణనలో 89 లక్షలు, 1901లో 3 కోట్ల 25 లక్షలు. వందేళ్ళలో మూడున్నర రెట్లకు పైగా పెరిగిన ఆ జనాభాతో పాటు అప్పటిదాకా పది ఇళ్ళలో ఉన్న పేరు వందల ఇళ్ళకు చేరింది. అందుకే అరుదైన ఇంగ్లీషు ఇంటిపేర్లలో ఒక వింత పోలిక కనిపిస్తుంది. వాటిని మోస్తున్నవారంతా చాలాసార్లు నాలుగైదు వందల ఏళ్ళ కిందటి ఏ ఒకటి రెండు కుటుంబాలకో వారసులు.

మరి వాళ్ళు దేశమంతా ఎందుకు చెదిరిపోలేదు? 1662లో వచ్చిన చట్టం ప్రకారం పేదవాడికి సాయం చేసే బాధ్యత అతని సొంత పారిష్‌ది. వేరే పారిష్‌లో చేరిన పేదవాడు తమకు భారమవుతాడనుకుంటే అక్కడి పెద్దలు వెనక్కి పంపేయగలిగేవారు. దూరం వెళ్ళడానికి ఇదొక అడ్డంకి. అంతకన్నా ముఖ్యం, ఈ మూడు కౌంటీల మూలలో మనిషి పనికోసం దూరం వెళ్ళాల్సిన అవసరం తక్కువ. నాటింగ్‌హామ్‌కు ఉత్తరాన ఉన్న కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ 1589లో మేజోళ్ళు అల్లే యంత్రాన్ని కనిపెట్టాడు. తర్వాతి శతాబ్దాలలో ఆ అల్లిక పని నాటింగ్‌హామ్‌షైర్, డార్బీషైర్, లెస్టర్‌షైర్ పల్లెల్లో ఇంటింటి వృత్తి అయింది. 19వ శతాబ్దంలో లేసు యంత్రాలు వచ్చి బీస్టన్, స్టేపుల్‌ఫర్డ్, లాంగ్ ఈటన్‌లను ఫ్యాక్టరీ పట్టణాలుగా మార్చాయి. ఎరివాష్ లోయ నిండా బొగ్గు గనులు. 1839లో నాటింగ్‌హామ్, డార్బీ నగరాల మధ్య రైలు కూడా వచ్చింది. కొడుకు తండ్రి ఊరి నుంచి నాలుగు మైళ్ళ అవతల పని వెతుక్కుని అక్కడే సంసారం పెట్టేవాడు. రావెన్‌స్టీన్ అనే భౌగోళిక శాస్త్రవేత్త 1885లో జనగణన లెక్కలు పరిశీలించి, వలస వెళ్ళేవారిలో అత్యధికులు కొద్ది దూరమే వెళ్తారని తేల్చాడు. ఇంటిపేర్ల మ్యాపులు ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యాలు.

దూరం వెళ్ళినవాళ్ళు లేరని కాదు. 19వ శతాబ్దంలో లండన్‌లో, ఫ్లీట్ స్ట్రీట్ వంటి ప్రధాన వీధులలో, అటెన్‌బరో పేరుతో తాకట్టు దుకాణాలు ప్రసిద్ధంగా నడిచాయి. పెద్ద నగరం ప్రతి అరుదైన ఇంటిపేరు నుంచీ కొందరిని లాక్కుంటుంది. అందుకే మ్యాపు గీసేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఇంటిపేర్ల వ్యాప్తి చూడడానికి పరిశోధకులు ఎక్కువగా ఆధారపడేది 1881 జనగణన మీద. అందులో నమోదైన రెండున్నర కోట్లకు పైబడిన పేర్లను వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు అక్షరం అక్షరం ఎత్తిరాయడం వల్ల దాన్ని పూర్తిగా వెతికే వీలు కలిగింది. ఆ ఎత్తిరాతకు చాలా ముందే, 1890లో, హెన్రీ గప్పీ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఇలాంటి ప్రయత్నం చేశాడు. వర్తక డైరెక్టరీలలోని రైతుల పేర్లు లెక్కించి ఏ పేరు ఏ కౌంటీదో చెప్పాడు. రైతులు భూమిని అంటిపెట్టుకుని ఉంటారు కాబట్టి పాత స్థానాలు తెలుస్తాయన్నది ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే గానీ కూలీలు, అల్లిక పనివాళ్ళు, గని కార్మికులు ఆ లెక్కలో లేకుండా పోయారు. అరుదైన పేర్లు చాలావరకు వాళ్ళవే.

1881 లెక్కలోనూ ఒక ఉచ్చు ఉంది. తలలు లెక్కపెడితే లండన్ ప్రతి పేరుకూ పెద్ద స్థావరంగా కనిపిస్తుంది. ప్రతి లక్షమందిలో ఆ పేరువాళ్ళు ఎందరని చూస్తేనే అసలు కేంద్రం బయటపడుతుంది. అలా చూసినప్పుడు అటెన్‌బరోల నేల స్పష్టంగా నాటింగ్‌హామ్‌షైర్, దాన్ని ఆనుకున్న డార్బీషైర్. ఊరికి ఇటూ అటూ, ఎరివాష్ నదికి రెండు ఒడ్డులా. అక్కడి నుంచి దూరం వెళ్ళేకొద్దీ పేరు పలచబడుతుంది. ‘కోట దగ్గర ఉండేవాడు’ అన్న వివరణ నిజమైతే కెంట్‌లోనో, డెవన్‌లోనో, యార్క్‌షైర్‌లోనో విడివిడి గుంపులు కనిపించాలి. అలా లేవు. పారిశ్రామిక విప్లవం, రైళ్ళు, లండన్ ఆకర్షణ అన్నీ దాటుకుని వచ్చిన తర్వాత కూడా ఒక పేరు తన ఊరి చుట్టూ ఇంత గట్టిగా గుమిగూడి ఉందంటే, ఆ ఊరే దాని మూలమని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

స్పెల్లింగు తేడాలు ఈ పనిని కొంత చిక్కు చేస్తాయి. అటెన్‌బరో అన్న పేరు చివర వేర్వేరు అక్షరాలతో కనీసం మూడు నాలుగు రకాలుగా రాసి ఉంటుంది. చదువురాని మనిషి చెప్పిన పేరును చర్చి గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకునేవాడు. అన్నదమ్ముల పేర్లు రెండు రకాలుగా నమోదైతే కొన్ని తరాల తర్వాత అవి రెండు వేర్వేరు ఇంటిపేర్లుగా స్థిరపడతాయి. అరుదైన పేర్లలో కొన్నింటి అరుదుతనం ఇలా గుమాస్తా కలం నుంచి పుట్టిందే. కాబట్టి ఒక పేరు ఎంత అరుదో లెక్కించే ముందు దాని తోబుట్టువులనూ కలుపుకోవాలి. మరోవైపు, చూడ్డానికి దగ్గరగా ఉన్నా సంబంధం లేనివాటిని విడదీయాలి. కేంబ్రిడ్జ్ ఆసుపత్రి వల్ల పేరొందిన అడెన్‌బ్రూక్ అటువంటిది. అది వాగు పేరు మీద వచ్చినది. దాని నేల పడమటి మధ్య ప్రాంతాలు.

1881 నుంచి వెనక్కి వెళ్ళడానికి మెట్లున్నాయి. 1837 జులై 1 నుంచి జనన మరణాల ప్రభుత్వ నమోదు మొదలైంది. 1660ల నుంచి 1689 దాకా పొయ్యిల లెక్కన వేసిన పన్ను జాబితాలున్నాయి. 1538లో రాజు ఎనిమిదో హెన్రీకి మంత్రి అయిన థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు రాసిపెట్టడం మొదలైంది. ఆ వెనక తలపన్ను జాబితాలు. ఒక్కొక్క మెట్టు వెనక్కి దిగేకొద్దీ ఒకే మూలం గల పేరు పరిధి కుంచించుకుపోతూ ఒక చిన్న వలయంలోకి చేరుతుంది. ఎన్నో మూలాలున్న పేరు మాత్రం ఎంత వెనక్కి వెళ్ళినా చెల్లాచెదురుగానే ఉంటుంది.

కాగితాల సాక్ష్యానికి 21వ శతాబ్దంలో జన్యు సాక్ష్యం తోడైంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పులేకుండా అందుతుంది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరు అందే దారి కూడా అదే. కాబట్టి ఒకే ఇంటిపేరు గల మగవాళ్ళ వై క్రోమోజోములు పోల్చి చూస్తే వాళ్ళ మూలపురుషుడు ఒక్కడా, పలువురా అన్నది తెలియాలి. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన సొంత ఇంటిపేరు మీదే ఈ పరీక్ష చేశాడు. సైక్స్ అంటే చిన్న వాగు లేదా సరిహద్దు కాలువ. యార్క్‌షైర్ నిండా అలాంటి వాగులున్నాయి కాబట్టి పలు మూలాలుంటాయని అందరూ అనుకున్నారు. పరీక్షించిన 48 మందిలో 21 మందికి ఒకే రకం వై క్రోమోజోమ్ ఉంది. ఒక్క మూలపురుషుడు ఉండి ఉండవచ్చన్న నిర్ణయానికి ఆయన వచ్చాడు.

లెస్టర్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్తలు టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ ఈ పనిని విస్తరించారు. 2006లో ఒకే ఇంటిపేరున్న 150 జంటల మగవాళ్ళను పోల్చినప్పుడు సుమారు నాలుగో వంతు జంటలలో ఉమ్మడి పూర్వీకుడి గుర్తు కనిపించింది. పేరు అరుదయ్యేకొద్దీ ఆ అవకాశం పెరిగి సగానికి చేరువైంది. 2009లో 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవాళ్ళను పరిశీలించారు. స్మిత్ వంటి పేర్లు గలవారిలో కనిపించిన వైవిధ్యం ఏ సంబంధమూ లేని జనంలో ఉన్నంత ఉంది. స్మిత్ అంటే కమ్మరి. కమ్మరి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు కాబట్టి అది ఊహించినదే. అటెన్‌బరో ఆ 40లో ఒకటి. ఆ పేరున్నవారిలో 70 శాతానికి పైగా ఒకే రకం, లేదా దాదాపు ఒకే రకం, వై క్రోమోజోమ్ కలిగి ఉన్నారు. లాంకషైర్, యార్క్‌షైర్ల మధ్య బోలండ్ కొండ ప్రాంతం నుంచి వచ్చిన స్విండిల్‌హర్స్ట్ అనే పేరు కూడా ఇదే తీరు. వాడ్స్‌వర్త్, జెఫర్సన్ వంటివాటిలో మాత్రం ఒకటి కన్నా ఎక్కువ గుంపులు కనిపించాయి. ఊరి పేరు, మ్యాపు, క్రోమోజోమ్ మూడూ అటెన్‌బరో విషయంలో ఒకే మాట చెప్పాయి.

మిగిలిన 30 శాతం లోపు వారి మాటేమిటి? ఇలాంటి ఫలితం రాగానే కొందరు దాంపత్యంలో దొంగచాటు వ్యవహారాల మీదికి వెళ్తారు. అది తొందరపాటు, పైగా అన్యాయం. దత్తత, పెళ్ళికాని తల్లి ఇంటిపేరు బిడ్డకు రావడం, ఆస్తి కోసం భార్య వంశం పేరు పెట్టుకోవడం, రెండో భర్త పేరు మొదటి భర్త పిల్లలకు అంటుకోవడం ఇవన్నీ వంశధారనూ పేరునూ విడదీస్తాయి. ఇందుకు ఇంగ్లండ్ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ ఆలివర్ క్రామ్‌వెల్ వంశమే. మగ వంశధార ప్రకారం వాళ్ళు వేల్స్‌కు చెందిన విలియమ్స్‌లు. మోర్గన్ విలియమ్స్ అనే ఆయన థామస్ క్రామ్‌వెల్ అక్కచెల్లెళ్ళలో ఒకరిని పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకు మేనమామ పలుకుబడిని చూసి ఆయన ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. ఒక్కొక్క తరంలో ఇలాంటివన్నీ కలిపి నూటికి ఒక్కసారి జరుగుతాయనుకున్నా, 25 తరాలు గడిచేసరికి మూల క్రోమోజోమ్ మిగిలేది సుమారు 78 శాతం మందిలో. నూటికి రెండుసార్లు అనుకుంటే 60 శాతం. అంటే అటెన్‌బరోలలో కనిపించిన 70 శాతం ఒక మూలపురుషుడి కథతో చక్కగా పొసగుతుంది.

అరుదైన పేరు ఎంత లోతుకు తీసుకెళ్ళగలదో చెప్పే మరో ఉదంతం 2007 నాటిది. యార్క్‌షైర్‌కు చెందిన ఒక తెల్లజాతి ఆంగ్లేయుడిలో పశ్చిమ ఆఫ్రికాలో ఉండే అరుదైన వై క్రోమోజోమ్ రకం కనిపించింది. ఆయన ఇంటిపేరు కూడా అరుదైనదే కావడం వల్ల లెస్టర్ బృందం ఆ పేరున్న మరికొందరిని వెతికి పట్టుకోగలిగింది. 18 మందిలో ఏడుగురికి అదే రకం ఉంది. వంశవృక్షాలు 18వ శతాబ్దపు యార్క్‌షైర్ దాకా వెళ్ళాయి. ఆఫ్రికా నుంచి వచ్చిన పూర్వీకుడు అంతకన్నా ముందువాడు. ఇంగ్లండ్‌లో నల్లజాతివారి ఉనికి ఇటీవలిదేనన్న అపోహకు ఇది గట్టి జవాబు. పేరు స్మిత్ అయి ఉంటే ఈ అన్వేషణ మొదటి అడుగులోనే ఆగిపోయేది. అయితే ఇదే గుణం ఒక ప్రమాదం కూడా. 2013లో అమెరికా పరిశోధకులు పేరు తీసేసి బహిరంగంగా ఉంచిన జన్యు సమాచారం నుంచి కొందరి ఇంటిపేర్లు రాబట్టి చూపించారు. అరుదైన పేరు బయటపడితే మనిషిని గుర్తించడం ఇక ఎంతో దూరం కాదు. ఆ పేరు గలవాళ్ళ గోప్యతకు ఇంకొంచెం ఎక్కువ రక్షణ అవసరం.

ఈ పరిశోధనలు లెస్టర్‌లో జరగడం వెనక ఒక వరస ఉంది. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టాడు. అటెన్‌బరో గ్రామానికి అది నాలుగైదు కిలోమీటర్ల దూరం. తన ఇంటిపేరు పుట్టిన వలయంలోనే పుట్టిన మనిషి. ప్రాచీన ఆంగ్లంలో పండితుడై, తొలి ఆంగ్ల రాజుల చట్టాలను 1922లో పరిష్కరించి అనువదించాడు. ఇతరుల ‘బుర్హ్’లోకి జొరబడితే ఎంత జరిమానా కట్టాలో ఆ చట్టాలలో ఉంది. ఆయన ఇంటిపేరు చివర ఉన్నది ఆ మాటే. 1932 నుంచి 1951 దాకా లెస్టర్ యూనివర్సిటీ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. ఆయన హయాంలోనే, 1948లో, చరిత్రకారుడు హాస్కిన్స్ నాయకత్వాన అక్కడ ఇంగ్లీషు స్థానిక చరిత్ర విభాగం ఏర్పడింది. 1957లో ఆ కాలేజీ విశ్వవిద్యాలయమైంది. 1965లో రిచర్డ్ మెకిన్లీ అక్కడే కౌంటీల వారీగా ఇంటిపేర్ల సర్వే ప్రారంభించాడు. పేర్లకు అర్థాలు చెప్పి ఊరుకోకుండా ఏ పేరు ఏ నేలలో, ఏ తరగతి మనుషుల్లో, ఏ కాలంలో ఉందో చూడాలన్నది ఆ సర్వే పట్టుబట్టిన పద్ధతి. 1984లో అదే విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టాడు. స్థానిక చరిత్ర, ఇంటిపేర్ల సర్వే, జన్యుశాస్త్రం మూడూ ఒకే ప్రాంగణంలో ఉండడం వల్లనే ఇంటిపేర్ల జన్యు అధ్యయనం అక్కడ వేళ్ళూనుకుంది.

అయితే ఇంటిపేరు చూపే వంశం చాలా సన్నని గీత. పది తరాలు వెనక్కి వెళ్తే ఏ మనిషికైనా పూర్వీకుల స్థానాలు 1,024. ఇంటిపేరు వాటిలో ఒక్కదాన్నే చూపిస్తుంది. రిచర్డ్, డేవిడ్‌ల తల్లి మేరీ క్లెగ్. ఆమె తండ్రి శామ్యూల్ క్లెగ్, ఎరివాష్‌కు అవతలి ఒడ్డున ఉన్న లాంగ్ ఈటన్‌లో ప్రధానోపాధ్యాయుడు. క్లెగ్ కూడా ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరే. దాని నేల మాత్రం పెనైన్ కొండలకు పడమటి వైపు, లాంకషైర్‌లోని రాచ్‌డేల్ పరిసరాలు. అటెన్‌బరో మ్యాపులో ఆ నేల మీద చుక్క పడదు.